తగాదా అనే చిన్న మాట

దసరా రోజుల్లో ఆడపిల్లలు అద్దాలు కుట్టిన పరికిణీలు కట్టుకుని దాండియా ఆడటం ఈమధ్య మన పట్నాల్లో బాగా అలవాటయింది. దుకాణంలో ఆ పరికిణీ ఖరీదు వింటే గుండె గుభేలుమంటుంది. అయినా పిల్ల ముచ్చటపడింది కదా అని కొంటాం. అది కట్టుకుని పిల్ల హాల్లోకి రాగానే, మంచం మీద ఉన్న బామ్మ కళ్ళజోడు సవరించుకుని, "ఏమే, ఆ వేషం ఏమిటే లంబాడీదానిలా!" అంటుంది. పిల్ల మూతి ముడుచుకుంటుంది. మిగతా అందరం నవ్వుతాం. బామ్మకి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. మనకీ లేదు. ఆ మాట నోట్లో ఊరికే అలా ఆడుతుంది, అంతే.

కానీ ఒక్క నిమిషం ఆగి చూస్తే ఇందులో ఒక చిత్రం ఉంది. ఆ అద్దాల కుట్టు మన పిల్ల కట్టుకుంటే ముచ్చట. తరతరాలుగా తన చేత్తో కుట్టుకున్న మనిషి కట్టుకుంటే వెక్కిరింత. వస్తువు ఒకటే, పేరే వేరు. ఇలా పేరు మార్చడమనే చిన్న పని, చరిత్రలో ఎంతెంత పెద్ద పనులు చేసిందో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలు.

హుజూర్‌నగర్ నుంచి మట్టపల్లి నరసింహస్వామి దర్శనానికి బస్సులో వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. సూర్యాపేట జిల్లాలో మండల కేంద్రం మఠంపల్లి. అదే మండలంలో కృష్ణ ఒడ్డున స్వామి వెలసిన ఊరు మట్టపల్లి. పేర్లు రెండూ దగ్గరగా ఉండి కొత్తవాళ్ళని తికమకపెడతాయి. ఆ మండలంలో తండాలు చాలా ఉన్నాయి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకి చార్జీ లేదు కదా, తండా ఆడవాళ్ళూ మనమూ ఒకే సీటులో సర్దుకు కూర్చునే అవకాశం ఇదివరకటి కంటే పెరిగింది. వయసులో ఉన్నవాళ్ళు మనలాగే చీరలూ చుడీదార్లూ కట్టుకుంటున్నారు. పెద్దావిడలు మాత్రం కొందరు ఇంకా ఫేటియా, కాంచళి, మోచేతి పైదాకా గాజులతో కనబడతారు. మనం మట్టపల్లి వస్తే పుణ్యం చూసుకుంటాం, కొండ చూసుకుంటాం, కృష్ణమ్మని చూసుకుంటాం. పక్కన కూర్చున్న ఆవిడ తాతముత్తాతలు ఎవరో, ఆ రాళ్ళ నేలకి ఎందుకు వచ్చారో అడగం. అడిగితే మన వంటింట్లోంచే కథ మొదలవుతుంది.

రైలు రాకముందు, మన ముత్తవ్వల నాటి ఉప్పు జాడీలోకి ఉప్పు ఎలా వచ్చేదనుకున్నారు? సముద్రపు ఒడ్డున పండిన ఉప్పుని ఎద్దుల వీపుల మీద గోనెల్లో వేసుకుని, వందల మైళ్ళు నడిపించి దేశం లోపలికి తెచ్చింది వీళ్ళే. లవణం అనే మాట నుంచే లంబాడా అనే పేరు వచ్చిందని కొందరంటారు. బంజారాలు, సుగాలీలు అన్నా వీళ్ళే. తమలో తాము మాత్రం గోర్ అనుకుంటారు. పదిహేడవ శతాబ్దంలో మన దేశం తిరిగిన టావెర్నియే అనే ఫ్రెంచి వర్తకుడు, ఒక్కొక్క బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవని రాశాడు. దారిలో అవి ఎదురైతే, అన్నీ దాటిపోయేదాకా రోజులకొద్దీ ఆగాల్సిందేనట! పాదుషాల సైన్యాలు దక్కనుకి దిగినా, నిజాం సేనలు కదిలినా, వెనక ధాన్యం మోసుకొచ్చింది వీళ్ళ ఎద్దులే. టిప్పు సుల్తాను మీదికి వెళ్ళిన కారన్‌వాలిస్ సైన్యానికి 1791లో గింజలు అందించింది కూడా బంజారాలే. ఆ రోజుల్లో వీళ్ళని ఎవరూ దొంగలనలేదు. అంటే తిండి ఎవరు పెడతారు?

తరవాత రైలు వచ్చింది. వాడి నుంచి సికింద్రాబాదు దాకా 1874లో పట్టాలు పడ్డాయి. 1889కల్లా బెజవాడ కలిసింది. నెల రోజులు ఎద్దులు మోసే సరుకు గూడ్సు బండి ఒక్క రోజులో దించేస్తుంటే బిడారుతో పని ఎవరికి? ఉప్పు మీద ఆంగ్ల ప్రభుత్వం తన గుత్త హక్కు పెట్టుకుంది. పశువుల్ని మేపుకునే అడవులకి కంచెలు పడ్డాయి. తరాల వృత్తి ఒక్క జీవితకాలంలో పోయింది. ఎద్దులు అమ్ముకున్నవాళ్ళు అమ్ముకున్నారు. ఎక్కడ నీళ్ళు దొరికితే అక్కడ, ఊరికి దూరంగా, ఎవరికీ అక్కర్లేని గుట్టల వార తండాలు వేసుకుని నేల చదును చేసుకోవడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1871లో, ఆంగ్ల ప్రభుత్వం ఒక చట్టం చేసింది. నేరస్థ జాతుల చట్టం అని దాని పేరు. ఒక జాతి మొత్తాన్ని నేరస్థులని ప్రభుత్వం ప్రకటించవచ్చు. ప్రకటించాక అది తప్పని కోర్టుకి వెళ్ళడానికి వీల్లేదు. ఆ జాతిలో పుట్టిన మగవాడు పేరు నమోదు చేయించుకోవాలి, పిలిచినప్పుడల్లా హాజరు పలకాలి, చీటీ లేకుండా ఊరు దాటకూడదు. దొంగతనం చేశాడా లేదా అన్న ప్రశ్నే లేదు. ఎవరి కడుపున పుట్టాడన్నదే ప్రశ్న. 1911లో ఈ చట్టాన్ని మార్చి మద్రాసు రాజధానికీ తెచ్చారు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టూవర్టుపురం ఎరుకలవాళ్ళని ఒకచోట కట్టడి చెయ్యడానికి ఆ చట్టం కింద పుట్టిన ఊరే. నిజాం సర్కారు కూడా సంచారం చేసే జనాన్ని ఇదే కళ్ళతో చూసింది. లంబాడాల మీద నేరస్థులనే ముద్ర ఎలా పడిందో, తండాల మీద నిఘా ఎలా వచ్చిందో, ఆ సమాజం నుంచే వచ్చిన చరిత్రకారుడు భంగ్యా భుక్యా వివరంగా రాశారు.

స్వతంత్రం వచ్చిన అయిదేళ్ళకి, 1952 ఆగస్టు 31న, ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ చూపు పోలేదు. పక్కవీధిలో దొంగతనం జరిగితే ముందుగా ఎవరి గుడిసెల వైపు చూస్తామో మన మనస్సాక్షికి తెలుసు.

ఇప్పుడు అసలు తమాషా చూడండి. ఎనభై ఏళ్ళపాటు చట్టం వీళ్ళని దొంగలని పిలిచింది కదా. ఆ కాలమంతటా, ఆ తరవాత కూడా, దొంగతనం ఎక్కువగా జరిగింది వీళ్ళ సొత్తే. దాన్ని మాత్రం ఎవరూ దొంగతనం అనలేదు.

తెలంగాణ పోరాటం అనగానే మనకి చాకలి ఐలమ్మ గుర్తుకొస్తుంది. పాలకుర్తిలో తను పండించిన పంట విసునూరు దేశ్‌ముఖ్ గడీకి పోకుండా నిలబెట్టుకున్న ఇల్లాలు ఆవిడ. ఆవిడ కథ చదివిన ప్రతిసారీ మన కళ్ళు చెమరుస్తాయి. అదే దేశ్‌ముఖ్, అదే జనగామ తాలూకా, ఆ రోజుల్లో అది నల్లగొండ జిల్లాలోనే ఉండేది. అక్కడ ధర్మాపురం అనే లంబాడా తండా ఉంది. తండావాళ్ళు దున్నుకుంటున్న నేలని దేశ్‌ముఖ్ తనదన్నాడు. ఆయనకి అప్పటికే నలభై వేల ఎకరాలున్నాయి. అయినా చాల్లేదు. తండా లొంగలేదు. ముందు నిలబడినవాడు జాటోతు తానూ నాయక్. 1950లో అతన్ని చంపేశారు. ఐలమ్మ పేరు మన పిల్లలకి కూడా తెలుసు, సంతోషం. తానూ నాయక్ పేరు మనలో ఎంతమందిమి విన్నాం? ఊరివాళ్ళ పోరాటం చరిత్ర అయింది. తండావాళ్ళది ఆ చరిత్రలో ఓ మూల చిన్న అక్షరాల్లో పడింది.

ఇక మఠంపల్లి దగ్గరికి వద్దాం. మట్టపల్లి రేవులో నిలబడితే అవతలి ఒడ్డు కనబడుతుంది. అది పల్నాడు, పాత గుంటూరు జిల్లా. అక్కడా తండాలున్నాయి, అదే భాష, అవే ఇంటిపేర్లు, రేవు దాటి పెళ్ళి సంబంధాలు. అయితే రాష్ట్రం ఏర్పడిన 1956 నుంచి అవతలి ఒడ్డు సుగాలీలు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. ఇవతలి ఒడ్డు లంబాడాలు లేరు! నది ఈదుకుంటూ వెళ్తే గిరిజనుడు, తిరిగొస్తే కాదు. 1976లో పార్లమెంటు చట్టం సవరించాకగాని తెలంగాణ లంబాడాలు ఆ జాబితాలోకి రాలేదు. ఇప్పటికీ ఇదే జనం కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త సంచార జాతి. మనిషి ఒక్కడే, సరిహద్దు రాయి దాటినప్పుడల్లా పేరు మారిపోతుంది. పేరుతోపాటు రక్షణా మారిపోతుంది.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కి పునాదిరాయి వేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు సాగింది. నీళ్ళొచ్చాయి, వరి పండింది, అన్నం తిన్నాం. ఎవరికీ ఫిర్యాదు లేదు. కానీ కృష్ణ లోయలో మునిగిన ఊళ్ళతోపాటు తండాలు కూడా మునిగాయి. మునిగినవాళ్ళు పైకి వచ్చి మళ్ళీ రాళ్ళు ఏరుకుని మళ్ళీ నేల చదును చేసుకున్నారు. నీళ్ళు రాకముందు ఎవరికీ పట్టని గుట్టవార నేల, నీళ్ళొచ్చాక బంగారమయింది. ఈ ప్రాంతంలో భూమి అడుగున సున్నపురాయి ఉంది. సిమెంటు కంపెనీలు వచ్చాక రాయి కూడా బంగారమయింది. పనికిరాని నేల పేదవాడిదీ, పనికొచ్చిన మరునాడు ఇంకొకడిదీ కావడం మన దేశంలో కొత్త కాదు. కర్ర ఉన్నవాడిదే బర్రె అని మన పెద్దలు ఊరికే అన్నారా?

కర్ర అంటే ఇక్కడ నిజం కర్ర కానక్కర్లేదు. కాగితం చాలు. ఈ సంగతి మనం కొంచెం వివరంగా తెలుసుకోవాలి. నిజాం కాలంలో భూమి లెక్కలు ఉర్దూలో రాసేవాళ్ళు. ఊరి భాష తెలుగు. తండా భాష గోర్ బోలీ, దానికి సొంత లిపి లేదు. దున్నేవాడు ఒక భాషలో దున్నుతాడు, లెక్క ఇంకో భాషలో ఉంటుంది. పహాణీలో తన పేరుందో లేదో తనకి తెలిసే దారి పట్వారీ నోరే. అవసరానికి అప్పు తెచ్చుకుంటాడు, తెల్లకాగితం మీద వేలిముద్ర వేస్తాడు. అది తాకట్టో అమ్మకమో చదివి చెప్పేవాడు అప్పిచ్చినవాడే. 1984లో పట్వారీ వ్యవస్థ రద్దయింది. 2020లో ధరణి వచ్చింది. దాంట్లో భూమి ఎవరి పేరున ఉందన్నదే గాని ఎవరు సాగు చేస్తున్నారన్న గడి తీసేశారు. చేను ఒకరిదీ చిట్టా ఒకరిదీ అయిన చోట, గడి పోవడమంటే మనిషి పోవడమే. 2025లో ధరణి స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. కాగితం ఎన్నిసార్లు మారినా, ముందు దాన్ని చదవగలిగినవాడికే అది ముందు పనికొస్తుంది.

మఠంపల్లి మండలంలో గుర్రంబోడు తండా అని ఉంది. అక్కడి 540 సర్వే నంబరు భూముల గొడవ కొన్నేళ్ళపాటు పత్రికల్లో నలిగింది. తాము సాగు చేసుకుంటున్న భూములు పరుల చేతుల్లోకి పోయాయని తండావాళ్ళ మొర. తమ దగ్గర కాగితాలున్నాయని అవతలివాళ్ళ వాదన. 2021 ఫిబ్రవరి 7న ఒక జాతీయ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు తండాకి వెళ్ళిన రోజున రాళ్ళు లేచాయి, లాఠీలు లేచాయి, జనమూ పోలీసులూ కూడా దెబ్బలు తిన్నారు. ఆ రెండు రోజులు అన్ని పేపర్లలోనూ గుర్రంబోడు పేరే. ఎవరు ఎవరిని కొట్టారు, ఏ పార్టీ ఏమంది, అన్నీ రాశారు. భూమి సంగతి మాత్రం ఒక్క మాటలో తేల్చారు: 'భూవివాదం'.

ఆ కాగితాల్లో నిజమేదో తేల్చడం మన పని కాదు. అందుకు అధికారులున్నారు, కోర్టులున్నాయి. మన పని ఆ 'వివాదం' అనే మాట దగ్గర ఆగడం. ఇంట్లో పిల్లలిద్దరూ బొమ్మ కోసం కొట్టుకుంటే తగాదా అంటాం. అన్నదమ్ములు గట్టు కోసం మాట్లాడుకోవడం మానేస్తే తగాదా అంటాం. తగాదా అంటే ఇద్దరూ సమానమైనవాళ్ళు, ఇద్దరిదీ ఎంతో కొంత తప్పు, పెద్దమనుషులు కూర్చుని చెరి సగం చేస్తే సరిపోతుంది అని అర్థం. మరి చదువూ డబ్బూ పలుకుబడీ ఉన్నవాడు, ఇవేవీ లేనివాడి చేను తీసుకుంటే అది కూడా తగాదాయేనా?

కాదని మన చట్టం చెప్తోంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. 1989లో పార్లమెంటు చేసిన షెడ్యూల్డు కులాలు, తెగల అత్యాచారాల నిరోధక చట్టం 1990 జనవరి 30 నుంచి అమలులోకి వచ్చింది. అట్రాసిటీ కేసు అంటే కులం పేరుతో తిట్టడమొక్కటే అనుకుంటాం. ఆ చట్టం చదివితే ఆశ్చర్యం వేస్తుంది. గిరిజనుడి భూమిని అన్యాయంగా ఆక్రమించడం, అతన్ని అందులోంచి వెళ్ళగొట్టడం, నీటి మీద అతని హక్కుకి అడ్డం రావడం, ఇవన్నీ అందులో నేరాలే. 2015లో సవరించినప్పుడు పంట నాశనం చెయ్యడం, పండింది ఎత్తుకుపోవడం కూడా చేర్చారు. శిక్ష ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా. అంటే 1871 చట్టం ఎవర్ని చూసి దొంగ అన్నదో, 1989 చట్టం వాళ్ళ దగ్గర దొంగిలించినవాణ్ణి చూసి దొంగ అంది. నూట పద్ధెనిమిదేళ్ళు పట్టింది, వేలు సరైన వైపు తిరగడానికి.

"గిరిజనుల భూములు కొనకూడదని ఏదో చట్టం ఉందిగా, ఒకటి బై డెబ్బై అంటారే, అది లేదా?" అని మీలో పేపరు బాగా చదివేవాళ్ళు అడుగుతారు. ఉంది. శ్రీకాకుళం అడవుల్లో గిరిజనుల తిరుగుబాటు రగులుతున్న రోజుల్లో, 1970 ఫిబ్రవరి నుంచి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొంటే చెల్లనే చెల్లదు. గట్టి చట్టమే. కానీ అది ఏజెన్సీ గీత లోపలే. పాత నల్లగొండ జిల్లాలో షెడ్యూల్డు ప్రాంతం అంటూ ఒక్క గ్రామమూ లేదు. అందుచేత మఠంపల్లి తండాకి ఆ కంచె లేదు. ప్రభుత్వం పేదలకిచ్చిన భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977లో వచ్చిన అసైన్డు భూముల చట్టం ఒకటి, ఈ 1989 చట్టం ఒకటి, ఈ రెండే ఇక్కడి గోడలు. మైదాన ప్రాంతపు గిరిజనుడు అటు అడవివాడూ కాదు, ఇటు ఊరివాడూ కాదు. జాబితాలో గిరిజనుడే, రక్షణ దగ్గరికి వచ్చేసరికి గీత బయట.

భూమి మాట అటుంచి, ఆడవాళ్ళం గనక మనకి ఇంకా దగ్గరి సంగతి ఒకటి చెప్తాను. 1999లో ఒకసారి, 2001లో మళ్ళీ, హైదరాబాదు పేపర్లన్నీ ఒకే వార్తతో నిండిపోయాయి. అదే నల్లగొండ జిల్లా, పడమట దేవరకొండ వైపు తండాల నుంచి పురిటి పిల్లల్ని, ఆడశిశువుల్ని, వందలకీ వేలకీ కొని, విదేశాలకి దత్తత పేరుతో పంపే వ్యాపారం బయటపడింది. తల్లి చేతిలో పడింది నాలుగు కాగితాలు. మధ్యవాళ్ళు తిన్నది డాలర్లు. పోలీసులు విడిపించిన పిల్లల్ని శిశువిహార్‌కి చేర్చారు. కన్నబిడ్డని అమ్ముకున్నారని తండా తల్లుల్ని మనమంతా తిట్టాం. గీతా రామస్వామి, భంగ్యా భుక్యా కలిసి ఈ సంగతి మీద అధ్యయనం చేశారు. దాని వెనక ఏముందో తెలిస్తే తిట్టడానికి నోరు రాదు. లంబాడాల్లో వెనకటి ఆచారం, పెళ్ళికొడుకు తరఫువాళ్ళే ఆడపిల్ల తల్లిదండ్రులకి ఓలి ఇవ్వడం. శ్రావణంలో తీజ్ పండుగ వస్తే తొమ్మిది రోజులు పెళ్ళికాని పిల్లలు బుట్టల్లో గోధుమ మొలకలు పెంచుతారు, తండా మొత్తం వాళ్ళ చుట్టూ తిరుగుతుంది. అలాంటి ఇళ్ళల్లోకి ఓలి పోయి కట్నం వచ్చింది. ఎక్కడ నుంచి వచ్చిందంటారు? ఊళ్ళ నుంచి. మన ఇళ్ళ నుంచి. భూమి పోయినవాడికి మూడో ఆడపిల్ల పుడితే వచ్చేది సంతోషం కాదు, లెక్క. ఆ లెక్క తెలిసినవాడు గుమ్మం ముందు కాచుక్కూర్చున్నాడు. 2001లో రాష్ట్ర ప్రభుత్వం, పిల్లల్ని వదులుకుంటున్నామని తల్లిదండ్రుల చేత రాయించుకునే పద్ధతినే నిషేధించింది. చూశారా, ఇక్కడా అదే సంగతి. పసిపిల్లల్ని కొని అమ్మే నేరానికి ఇన్నాళ్ళూ నడిచిన పేరు 'దత్తత'.

నేరానికి సరైన పేరు పెట్టినంత మాత్రాన సరిపోతుందా అంటే, సరిపోదు. దానికి వాకపల్లే సాక్ష్యం. మఠంపల్లికి చాలా దూరం, విశాఖ మన్యంలో కోందు గిరిజనుల పల్లె అది. 2007 ఆగస్టు 20న గాలింపుకి వచ్చిన పోలీసులు తమను చెరిచారని పదకొండుమంది ఆడవాళ్ళు ఫిర్యాదు చేశారు. అడవిలో ఆడది ఆ మాట బయటికి చెప్పడమంటే ఏమిటో ఊహించండి. వాళ్ళు చెప్పారు. 2017లో సుప్రీంకోర్టు చెప్పాకగాని విచారణ కదల్లేదు. 2023 ఏప్రిల్ 6న విశాఖలోని ప్రత్యేక న్యాయస్థానం పదముగ్గురు నిందితుల్నీ విడిచిపెట్టింది. దర్యాప్తు సరిగ్గా జరగలేదని చెప్పి, బాధితులకి పరిహారం ఇప్పించమంది. పరిహారం ఎందుకంటే, దర్యాప్తు చెయ్యవలసినవాళ్ళు చెయ్యవలసిన పని చెయ్యలేదు గనక. పదహారేళ్ళు తిరిగి తిరిగి ఆ ఆడవాళ్ళు ఇంటికి పట్టుకెళ్ళింది ఈ మాట.

అందుకే రక్షణ అంటే పోలీసు స్టేషను ముందు బోర్డు కాదు. 1989 చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ హోదా తగ్గని అధికారి చెయ్యాలి. అరవై రోజుల్లో అభియోగపత్రం వెయ్యాలి. ప్రత్యేక కోర్టు ఉండాలి. సాక్షులకి దారిఖర్చులివ్వాలి, వాళ్ళకి భయం లేకుండా చూడాలి, కేసు ఎక్కడిదాకా వచ్చిందో బాధితులకి చెప్పాలి. విధి మరిచిన ఉద్యోగికి కూడా శిక్ష ఉంది. ఇవన్నీ కాగితం మీద ఉన్నవే, కొత్తగా అడిగేది ఒక్కటీ లేదు. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పుతో ఈ చట్టం కొంత సడలింది. దేశమంతా గొడవ జరిగింది. అదే ఏడు ఆగస్టులో పార్లమెంటు మళ్ళీ బిగించింది. అంటే చట్టాన్ని కాపాడుకోవడానికి కూడా జనం వీధుల్లోకి రావలసి వచ్చింది. కంచె చేనుని కాస్తుంది నిజమే. ఆ కంచెని కాసేదెవరు?

కొంత కాస్తున్నవాళ్ళు తండాల్లోనే లేచారు. 2018 పంచాయతీరాజ్ చట్టంతో తెలంగాణలో 1177 తండాలూ గూడేలూ సొంత పంచాయతీలయ్యాయి. ఊరి సర్పంచి గుమ్మంలో చెప్పులు విప్పి నిలబడ్డ తాతకి, మనవరాలు సర్పంచి కుర్చీలో కూర్చునే అవకాశం వచ్చింది. తెల్లకాగితం మీద వేలిముద్ర వేసిన అవ్వకి, కాగితం చదివి చెప్పే మనవడు వచ్చాడు. ఇది చిన్న మార్పు కాదు. ముందుతరం కోల్పోయినదంతా ఎవరో చదివి చెప్పిన మాట నమ్మి కోల్పోయిందే.

ఇక మన వంతు ఏమిటంటారా? చట్టాలు చెయ్యడం మన చేతిలో లేదు. కోర్టులు నడపడం అంతకన్నా లేదు. కానీ ఇంట్లో పేపరు చదివేది మనం. పిల్లలకి లోకం సంగతులు మొదట చెప్పేది మనం. ఏ పనిని ఏ పేరుతో పిలవాలో వాళ్ళు నేర్చుకునేది మన నోటినుంచే. తండావాళ్ళ చేను పోయిందని వార్త వస్తే, "ఏదో తగాదాలే" అని పేజీ తిప్పెయ్యకుండా, "ఎవరి చేను? ఎవరు తీసుకున్నారు? కేసు పెట్టారా?" అని ఒక్క ప్రశ్న అడిగితే, పక్కన అన్నం తింటున్న పిల్లవాడి చెవిన అది పడుతుంది. వాడు రేపు తాసీల్దారు కావచ్చు, ఇన్‌స్పెక్టరు కావచ్చు, జడ్జీ కావచ్చు. గుర్రంబోడు ఫైలు ఆ రోజున వాడి బల్ల మీదికి రావచ్చు.

బామ్మ సంగతి మరిచిపోలేదు. ఈసారి దసరాకి పిల్ల ఆ అద్దాల పరికిణీ కట్టుకుని వస్తే, బామ్మ నోరు తెరిచేలోపల మనమే అందుకుందాం. "చూశారా అత్తయ్యా, లంబాడా వాళ్ళ కుట్టు ఎంత బాగుందో! మీ అమ్మమ్మగారింటి ఉప్పు జాడీలోకి ఉప్పు తెచ్చింది వీళ్ళేనట తెలుసా?" అందాం. బామ్మ ఒక్క నిమిషం ఆలోచించి, "అవునే, మా అమ్మమ్మ చెప్పేది. ఎద్దుల మీద వచ్చేవాళ్ళని" అనవచ్చు. మాట అదే, లంబాడా అనే మాటే. ఈసారి అది తిట్టు కాదు, పేరు.